ఓటు పద్దెనిమిది మందిది, నింద చిలకది

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ గురించి మనవాళ్ళలో ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది. అక్కడ గెలుపోటములు ఆటగాళ్ళ కాళ్ళ మీద, మేనేజర్ బుర్ర మీద, యజమాని జేబు మీద ఆధారపడి ఉంటాయట! అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్ చూసి, పొద్దున ఆఫీసులో ఆవలిస్తూ విశ్లేషణ చెప్పే కుర్రాళ్ళు కూడా ఇదే నమ్ముతున్నారు. 4-3-3 అంటారు, ప్రెస్సింగ్ అంటారు. పాపం, చరిత్ర చదవలేదు. చదివి ఉంటే ఆ దేశపు ఆటను నూట ఇరవై ఏళ్ళకు పైగా నడుపుతున్నది కొన్ని శాపాలు, రెండు కుక్కలు, ఒక చిలక, ఒక రాజుగారి ఎముకలు అని తెలిసేది. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. విషయం గంభీరమైనది కాబట్టి నవ్వకుండా చదవాలని మనవి.

ముందు బర్మింగ్‌హామ్ సిటీ సంగతి చూద్దాం. 1906లో ఈ క్లబ్ సెయింట్ ఆండ్రూస్ అనే కొత్త మైదానానికి మారింది. అక్కడ డేరాలు వేసుకుని ఉన్న జిప్సీలను ఖాళీ చేయించారని, వాళ్ళు పోతూ పోతూ నూరేళ్ళ దాకా మీకు కలిసి రాదని శపించారని కథ. మన ఋషులు ఎంత కోపంలో శపించినా, కాళ్ళ మీద పడితే విమోచనం చెప్పేవారు. ఇది అలాంటిది కాదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. గడువు తీరేదాకా ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

అయినా దొరలు ఊరుకోలేదు. 1980ల్లో మేనేజర్ రాన్ సాండర్స్ ఫ్లడ్‌లైట్ స్తంభాలకు శిలువలు కట్టించాడని, ఆటగాళ్ళ బూట్ల అడుగున ఎర్ర రంగు వేయించాడని చెబుతారు. అక్కడ లీగ్ పట్టికలో అడుగున మిగిలిన జట్లు ఒక మెట్టు కింది డివిజన్‌కి దిగాలి. 1984లో ఈ జట్టు అలాగే పడిపోయింది. రంగు నాసిరకమై ఉంటుంది. తర్వాతి దశాబ్దంలో బారీ ఫ్రై అనే మేనేజర్ వచ్చాడు. శాపం పోవాలంటే మైదానం నాలుగు మూలలా మూత్రం పోయాలని ఆయనకి ఎవరో చెప్పారు. పోశాడు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని దాచుకోలేదు కూడా, తర్వాత తనే హాయిగా చెప్పుకున్నాడు. వాస్తు ప్రకారం ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదే. మిగతా మూడు మూలల విషయంలోనూ, నీళ్ళ నాణ్యత విషయంలోనూ మాత్రం మన పండితులు ఒప్పుకోకపోవచ్చు. ఫలితం అంటారా, 1996లో ఫ్రైగారి ఉద్యోగం పోయింది. మనకి శాస్త్రీయ దృక్పథం నేర్పడానికి ఓడలెక్కి వచ్చిన జాతి ఇదేనని పాఠకులు ఒక్క క్షణం గుర్తు చేసుకోవాలి.

2006లో నూరేళ్ళూ నిండాయి. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. 2008లో జట్టు మళ్ళీ కిందికి పోయింది. పైకి వచ్చాక 2011 ఫిబ్రవరిలో ఆర్సెనల్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ అనే నాకౌట్ పోటీ గెలిచింది. అదే సీజన్‌లో, మే నెలలో, మళ్ళీ కిందికి. గడువు తీరిన శాపం పాత బాకీలు వసూలు చేసుకుంటోందని కొందరి సిద్ధాంతం. ఇన్నేళ్ళలో క్లబ్‌ని ఎంతమంది డైరెక్టర్లు ఏలారు, ఎవరిని కొన్నారు, ఎవరిని అమ్ముకున్నారు అని అడగండి, చాలామందికి గుర్తుండదు. శాపం మాత్రం సంవత్సరంతో సహా నోటికొస్తుంది. డైరెక్టర్లకి అంతకంటే కావలసింది ఏముంది?

డర్బీ కౌంటీది కూడా ఇలాంటి కథే. 1895లో బేస్‌బాల్ గ్రౌండ్‌కి మారారు, అక్కడా జిప్సీలే, అక్కడా శాపమే. 1898, 1899, 1903లలో ఎఫ్‌ఏ కప్ అనే పేరున్న నాకౌట్ పోటీలో ఫైనల్‌కి వెళ్ళడం, ఓడిపోయి రావడం. 1903లో అయితే బరీ చేతిలో 6-0. 1946లో మళ్ళీ ఫైనల్ వచ్చింది. ఈసారి కెప్టెన్ జాక్ నికొలస్ బుద్ధిమంతుడిలా జిప్సీల దగ్గరికి వెళ్ళి, శాపం వెనక్కి తీసుకోండమ్మా అని వేడుకుని వచ్చాడు. ఫైనల్‌లో చార్ల్‌టన్‌తో స్కోరు 1-1 ఉండగా బంతి టప్పున పేలిపోయింది. అదనపు సమయంలో డర్బీ మూడు గోల్స్ కొట్టి 4-1తో గెలిచింది. బంతి పేలడానికి యుద్ధకాలపు నాసిరకం తోలు కారణమని కొందరు హేతువాదులు అంటారు. శాపం బయటికి పోవడానికి ఏదో ఒక దారి ఉండాలి కదా? నాకు అర్థం కాని విషయం వేరే. కథ నిజమే అనుకుంటే, జనాన్ని ఖాళీ చేయించిన నాడే వాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు పెట్టి ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన రావడానికి 51 ఏళ్ళు పట్టింది. అది కూడా కప్పు కావలసి వచ్చింది కాబట్టి.

ఇక లెస్టర్ సిటీ. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయిన మూడవ రిచర్డ్ రాజు ఎముకలు 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి. 2015 మార్చి 26న కెథడ్రల్‌లో రాచమర్యాదలతో పూడ్చిపెట్టారు. అప్పటికి లెస్టర్ సిటీ, అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ పట్టికలో అట్టడుగున ఉంది. అంత్యక్రియలు అయ్యాక మిగిలిన 9 మ్యాచుల్లో 7 గెలిచి బయటపడింది. మరుసటి ఏడాది, బెట్టింగ్ కంపెనీలు 5000కి 1 అని నవ్వుకుంటూ ఇచ్చిన ధరని వెక్కిరిస్తూ, ఏకంగా టైటిల్ గెలిచింది. 530 ఏళ్ళుగా కర్మకాండ జరగని ఆత్మ శాంతిస్తే ఏమవుతుందో మన ఇళ్ళల్లో ఏ పెద్దావిడని అడిగినా చెబుతుంది. మేనేజర్ రనియేరి వ్యూహం, ఆటగాళ్ళు వార్డీ పరుగు, మహ్రెజ్ ఎడమ కాలు అని రాసేవాళ్ళు రాస్తూనే ఉంటారు. 2023లో అదే క్లబ్ దిగువకి పడిపోయింది. రాజుగారు అక్కడే ఉన్నారు, సమాధి చెక్కు చెదరలేదు. మరి ఆబ్దికాలు సరిగ్గా పెట్టారో లేదో విచారించాలి.

మధ్యలో చిన్న విషయం. ఇంగ్లండ్ పబ్బుల్లో క్విజ్ మేధావులు కొందరుంటారు. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాస్తే, పెన్సిల్‌తో రంగు నింపడానికి మూసుకున్న జాగా ఒక్కటి కూడా లేని క్లబ్ పేరేది అని అడుగుతారు. జవాబు హల్ సిటీ. ఇదే ప్రశ్న తెలుగు లిపిలో అడిగితే పోటీ పుట్టకముందే చచ్చిపోతుంది, మన అక్షరాలకి సున్నాలంటే అంత ప్రేమ. వీళ్ళతో వాదన పెట్టుకోవడం కన్నా క్రికెట్ సంగతి చెప్పి నోరు మూయించడం మేలు. 1975 సెప్టెంబరులో క్రిస్ బాల్డర్‌స్టోన్ అనే ఆయన పగలు లెస్టర్‌షైర్ తరఫున 51 నాటౌట్‌గా నిలిచి, సాయంత్రం డాంకాస్టర్ రోవర్స్ తరఫున ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడి, మర్నాడు వచ్చి సెంచరీ పూర్తి చేశాడు. దీని వెనక శాపం, కుక్క, చిలక ఏవీ లేవు. అందుకే ఎవరికీ పెద్దగా తెలియదు.

కుక్కల దగ్గరికి వద్దాం. 1987 మే నెల, నాలుగో డివిజన్ చివరి రోజు. అట్టడుగున మిగిలిన జట్టు లీగ్‌లోంచే బయటికి పోవాలనే నియమం ఆ ఏడాదే మొదలైంది. క్రూ జట్టు మీద టార్కీ యునైటెడ్ 2-1తో వెనకబడి ఉంది, టైమ్ అయిపోతోంది. బంతి కోసం పరిగెత్తుతున్న జిమ్ మెక్‌నికల్ అనే టార్కీ డిఫెండర్‌ని గీత పక్కన కాపలా కాస్తున్న బ్రిన్ అనే పోలీసు కుక్క కరిచింది. కట్టు కట్టడానికి కొన్ని నిమిషాలు పోయాయి, అన్ని నిమిషాలూ రెఫరీ కలిపాడు. ఆ కలిపిన సమయంలోనే పాల్ డాబ్సన్ గోల్ కొట్టాడు. టార్కీ బతికింది, లింకన్ సిటీ బయటికి పోయింది. 46 మ్యాచులు ఆడిన లింకన్ వాళ్ళ జాతకాన్ని తేల్చింది, వాళ్ళు కళ్ళతో కూడా చూడని ఒక కుక్క. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన కాదు.

మాంచెస్టర్ యునైటెడ్ పుట్టుకలోనూ కుక్క పాత్ర ఉంది. అప్పట్లో దాని పేరు న్యూటన్ హీత్, 1902లో 2,670 పౌండ్ల అప్పుతో మూతబడే స్థితి. కెప్టెన్ హ్యారీ స్టాఫర్డ్ పెంచుకున్న మేజర్ అనే సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క, 1901లో చందాల కోసం పెట్టిన బజారులో తప్పిపోయిందని, తిరిగి తిరిగి జాన్ హెన్రీ డేవీస్ అనే బీరు వ్యాపారి చెంతకు చేరిందని, అలా కలిసిన పరిచయంతోనే ఆయన డబ్బు పెట్టాడని చెబుతారు. క్లబ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ బయట పాత మేనేజర్లు బస్బీకి, ఫెర్గూసన్‌కి విగ్రహాలున్నాయి. మేజర్‌కి ఎప్పుడు?

అన్నిటికంటే పెద్ద కేసు చిలకది. టాటెన్‌హామ్ హాట్‌స్పర్ (ముద్దుపేరు స్పర్స్) జట్టు 1909లో దక్షిణ అమెరికా పర్యటనకి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఓడలోని చిలకని బహుమతిగా తెచ్చుకుంది. ఆ చిలక పదేళ్ళు క్లబ్బులోనే బతికిందట. 1919లో, పొరుగున ఉన్న ఆర్సెనల్ తమ స్థానాన్ని లాక్కున్న రోజే ప్రాణం విడిచిందట. ఏడు సముద్రాల అవతల చిలకలో మాంత్రికుడి ప్రాణం ఉంటుందని విన్న మనకి ఇందులో వింతేమీ లేదు. కాకపోతే మన కథలో చిలక మెడ విరిస్తే మాంత్రికుడు పోతాడు. ఇక్కడ మెడ విరిచింది మాంత్రికుడిది, పోయింది చిలక.

మెడ విరిచిన పద్ధతి కూడా చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, అప్పట్లో అన్నిటికంటే పైదైన మొదటి డివిజన్‌ని 20 జట్ల నుంచి 22కి పెంచారు. 1915 పట్టికలో స్పర్స్ అట్టడుగు, దాని పైన చెల్సీ. రెండు జాగాలు పెరిగాయి కాబట్టి ఇద్దరూ ఉండిపోవచ్చని అనుకున్నారు. చెల్సీని ఉంచేశారు. స్పర్స్ జాగాకి మాత్రం ఓటింగ్ పెట్టారు. రెండో డివిజన్‌లో ఐదో స్థానంలో నిలిచిన ఆర్సెనల్‌కి 18 ఓట్లు, స్పర్స్‌కి 8. మూడో స్థానంలో ఉన్న బార్న్‌స్లీ, నాలుగో స్థానంలో ఉన్న వూల్వ్స్ చూస్తూ ఉండిపోయాయి. ఆర్సెనల్ ఛైర్మన్ సర్ హెన్రీ నోరిస్ అప్పుడు పార్లమెంటు సభ్యుడు కూడా. లంచం పారిందని రుజువు చేసినవాళ్ళు లేరు. లీగ్ అధ్యక్షుడు జాన్ మెకెన్నా మాత్రం ఆర్సెనల్ తరఫున గట్టిగానే మాట్లాడాడు. ఆర్సెనల్ అప్పటి నుంచి ఇప్పటిదాకా కిందికి దిగలేదు. చేతులెత్తిన ఆ 18 క్లబ్బుల పేర్లు ఏ అభిమాని గోడ మీదా లేవు. చిలక పేరు చెప్పి మాత్రం నూరేళ్ళుగా కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. స్పర్స్ ఆ మరుసటి సీజన్‌లోనే రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చేసింది. చిలక ఇంకో ఏడాది ఓపిక పట్టి ఉంటే బాగుండేది.

ఈ విద్యలో మన వాటా కూడా కొంత ఉంది. తెలుగువారైన బి.వి. రావు స్థాపించిన, పూణే కేంద్రంగా నడిచే వెంకటేశ్వర హేచరీస్ వారి వెంకీస్ అనే కోళ్ళ కంపెనీ 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని కొనుక్కుంది. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అది. 2012 మేలో విగన్ చేతిలో ఓడి కిందికి పోయింది. ఆ మ్యాచ్ మధ్యలో అభిమానులు క్లబ్ రంగులు కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. చిలక, కుక్కల సంప్రదాయానికి భిన్నంగా, ఈసారి మాత్రం నింద యజమానుల మీదే నేరుగా వేశారు. ఆ కోడి దూతగా వచ్చిందే తప్ప దోషిగా రాలేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్రలో ఇది పెద్ద మలుపని నా అభిప్రాయం.

ఇంతకంటే ముందుకు పోయిన ఊరు హార్టిల్‌పూల్ ఒక్కటే. నెపోలియన్ యుద్ధాల రోజుల్లో ఫ్రెంచి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోతిని ఆ ఊరివాళ్ళు ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరి తీశారని కథ. అడిగిన ప్రశ్నలకి అది జవాబు చెప్పలేదట, నేరం రుజువైనట్టేగా. చుట్టుపక్కల ఊళ్ళు ఎగతాళి చేస్తుంటే ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ ఏకంగా కోతినే తన మస్కట్ (జట్టు గుర్తుగా తిరిగే వేషం) చేసుకుంది. ఆ కోతి వేషం వేసే స్టువర్ట్ డ్రమ్మండ్ 2002లో బడి పిల్లలకి అరటిపండ్లు ఉచితంగా ఇస్తానని మేయర్ ఎన్నికలో నిలబడి గెలిచాడు. 2005లో మళ్ళీ గెలిచాడు, 2009లో మళ్ళీ. అంటే చాటునుంచి ఆట నడపకుండా, పదవి తీసుకుని, సంతకం పెట్టి, తప్పొప్పులకి తనే జవాబు చెప్పిన మొదటి జంతువన్నమాట. 2013లో ఆ పదవినే రద్దు చేశారు.