కోడ్ లేని కొండచీపురు

మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలో ఒక సూపర్ మార్కెట్‌కి వెళ్లి కొండచీపురు తీసుకున్నాను. నేను చేసిన నేరం అంతే.

కౌంటర్లో అమ్మాయి దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తలకిందులు చేసి చూసి "దీనికి కోడ్ లేదండి" అంది. చీపురుందిగా తల్లీ అన్నాను. "సిస్టమ్‌లో లేదండి." అంటే కౌంటర్ నిండా నూగు రాలుస్తూ కనిపిస్తున్నదంతా మిథ్య అన్నమాట. ఈ ముక్క శంకరాచార్యులవారు ఎప్పుడో చెప్పారు, మనమే వినలేదు. అలాంటిదే కోడ్ ఉన్నది పట్టుకురమ్మని ఒక కుర్రాణ్ణి తోలారు. వాడు పప్పులు, సబ్బులు, పిల్లల డైపర్లు అన్నీ దర్శించుకుని పది నిమిషాలకి మాప్ కర్రతో తిరిగొచ్చాడు. "ఇదీ తుడిచేదే కదండీ." నా వెనక ఒకాయన కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకుని, ఆ కోడ్ నేనే పీకి జేబులో వేసుకున్నట్టు చూస్తున్నాడు. చివరికి సూపర్‌వైజర్ గారు వేంచేసి, గడ్డం గోక్కుని, మాప్ కోడే కొట్టేయమన్నారు. 90 రూపాయల చీపురు 249! అదేమంటే "పోనీ మాప్ తీసుకెళ్లండి సార్" అట. ఏజెన్సీ కొండల్లో ఎవరో ఎండలో కోసి, కట్టగట్టి, సంతకి మోసుకొచ్చిన చీపురు.

పోనీ ఆ బార్‌కోడ్ గీతల కింది పదమూడు అంకెల్లో ఏమన్నా బ్రహ్మరాత ఉందా? మొదట్లో 890 ఉంటే మన దేశంలో తయారైన సరుకని వాట్సాప్‌లో ఛాతీ విరుచుకుంటారు గానీ, ఆ కంపెనీ నంబర్ ఇండియాలో తీసుకుందనే తప్ప సరుకు ఎక్కడిదో అది చెప్పదు. చివరి అంకె, ముందున్న పన్నెండూ మెషిన్ సరిగ్గా చదివిందో లేదో చూసుకోవడానికి. 1974లో ఒహాయోలో చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైన వైభోగం ఇది.

టీవీ కార్యక్రమాలకీ ఒక నంబర్ ఉంది, ఐసాన్ అంటారు. అందులో ఎపిసోడ్ల కోసమే కేటాయించిన చోట్లో 65 వేల పైచిలుకు పడతాయి. అది తయారుచేసిన కమిటీలో మన సీరియళ్లు చూసే ఆవిడ ఎవరో ఉండే ఉంటుంది. మా అమ్మ చూసేదాంట్లో కోడలు మెట్లు దిగడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడింటికీ మూడు వేరే నంబర్లు ఇచ్చుకోవచ్చు.

అదే అమ్మ బీపీ మాత్ర సంగతి చూడండి. 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకి బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి; స్కాన్ చేస్తే కంపెనీ పేరు, బ్యాచ్, గడువు తేదీ అన్నీ తెలియాలి. కాకపోతే స్ట్రిప్ మీద చోటు చాలకపోతే పైన అట్టపెట్టె మీద వేసినా సరిపోతుందని రూల్లోనే సందు ఉంచారు. అయ్యా, మా వీధి చివర షాపులో పెట్టెతో ఎవడిస్తాడు? పది మాత్రల స్ట్రిప్ కత్తెరతో కసుక్కున కోసి ఆరు చేతిలో పెడతాడు. కోడ్ పెట్టె మీద, పెట్టె వాడి దగ్గర. తేదీ ఏదయ్యా అంటే "మొన్నొచ్చిన స్టాకేనండి" అంటాడు. చూయింగ్ గమ్‌కి జాతకం రాశారు, డెబ్బై ఆరేళ్ల మనిషి మింగే మందు దగ్గరికి వచ్చేసరికి చోటు చాల్లేదా? ఈ రూల్ రాసినవాళ్ల ఇళ్లల్లో ముసలివాళ్లు లేరా?

నిన్న రాత్రి అమ్మ ఆ ముక్కని ట్యూబ్‌లైట్‌కి ఎత్తిపట్టి "ఏటి రాసుందిరా?" అంది. 20 వరకూ ఉంది. మిగతాది కత్తెరకి పోయింది.