స్నాతకోత్సవమా, సన్మాన సభా?

ఏళ్ల తరబడి ల్యాబుల్లో మగ్గి పీహెచ్‌డీ చేసినవాళ్లం చివరి వరసల్లో. గౌరవ డాక్టరేట్ పెద్దమనిషి వేదిక మీద! ఉక్కపోత, అద్దె గౌను, మంచినీళ్ల సీసా కూడా లోపలికి తేకూడదట. ఆయన ఘనత చదవడానికి అరగంట ఉంది, మా పేర్లు చదవడానికి టైమ్ లేదు! అందరూ లేచి నిలబడితే పట్టాలు ఇచ్చేసినట్టేనట. మరి అమ్మానాన్నలు ఎందుకొచ్చినట్టు? కాగితం తర్వాత కౌంటర్లో తీసుకోవాలి, బకాయిల్లేవన్న నో డ్యూస్ కాగితం చూపించి. ఆయన్ని అడిగారా నో డ్యూస్?

1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కవి జాషువాకు కళాప్రపూర్ణ అనే గౌరవ డాక్టరేట్ ఇచ్చిందంటే అర్థముంది. 2017లో బెంగళూరు యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇస్తానంటే రాహుల్ ద్రావిడ్ వద్దన్నాడు, పరిశోధన చేసి సంపాదించుకుంటానని. మన పెద్దమనిషో? సాయంత్రానికల్లా ఊరంతా ఫ్లెక్సీలు, పేరు ముందు ‘డాక్టర్’!