తీర్థం సరే, శఠగోపం ఎందుకండీ?

మహారాజశ్రీ ఉడిన్‌విల్ వైన్ టేస్టింగ్ రూమ్ గారికి, ఆదివారం గిరాకీలు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. అమెరికాలో సియాటెల్ పక్కనున్న ఉడిన్‌విల్‌లో, గోదాములో బల్ల వేసి, రుసుము తీసుకుని వైన్ చుక్కచుక్కగా రుచి చూపించే గది కదా తమరు.

మా ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అది మాకు అలవాటే, ఎవరూ ఏమీ అనుకోరు. తమరి తిరకాసు వేరు. వైన్ దొరుకుతుంది గానీ, గోడ నిండా ఫొటోలు తగిలించిన ఆ ద్రాక్షతోటే ఎక్కడా కనపడదు. ఫొటోలో పచ్చటి వరసలు, వెనక కొండ, కుంకుతున్న సూర్యుడు. తల తిప్పి షట్టర్ బయటికి చూస్తే కార్ల పార్కింగు, దాని అవతల ఇంకో గోదాము.

తోట లేదని తగువు పెట్టుకోవడం లేదు. సియాటెల్ వైపు ఏడాదికి సుమారు 37 అంగుళాల వాన కురుస్తుంది. కాస్కేడ్ కొండలు దాటి యాకిమా లోయలోకి దిగితే 8 అంగుళాలు. సముద్రం మీద నుంచి వచ్చే మబ్బులు కొండ ఎక్కుతూ ఇటువైపే కురిసి ఖాళీ అయిపోతాయి. అవతల పొడి గాలి, తక్కువ బూజు, ఎప్పుడు ఎంత నీళ్లు పెట్టాలో రైతు చేతిలో పని. ద్రాక్షకు అంతకంటే ఏం కావాలి? అందుకని తీగ అక్కడ, తాగే జనం ఇక్కడ. 1976లోనే షాటో సెయింట్ మిషెల్ అనే వైన్ కంపెనీ వాళ్లు ఉడిన్‌విల్‌లో ఫ్రెంచి కోటలాంటి భవనం కట్టి, పళ్లు మాత్రం కొండల అవతలి నుంచి తెప్పించుకున్నారు. ఆ తర్వాత చిన్న చిన్న తయారీదార్లు గోదాములు అద్దెకు తీసుకున్నారు. ఇప్పటికీ సెప్టెంబరు, అక్టోబరుల్లో స్నోక్వాల్మీ కనుమ మీదుగా లారీల్లో ద్రాక్ష దిగుతుంది. మిరప పండించేది ఒక ఊరు, పచ్చడి పట్టేది ఇంకో ఊరు. ఇందులో దాచుకోవాల్సిందేముంది?

అయినా దాస్తారు. అదీ మా బాధ.

ఉదాహరణకు మీ గుమ్మంలో బల్లగా వాడే ఆ పీపా. అసలు పీపా 225 లీటర్లది, నిండుగా ఉంటే 300 సీసాల సరుకు. దాన్ని వేలితో ఒకసారి తట్టి చూస్తే డొల్లమని మోగుతుంది. అది చాలకపోతే ఇనప కట్ల దగ్గర వంగి చూడాలి. ఎండిన పీపా చెక్కలు కుంచించుకుపోయి కట్లు జారిపోతాయి కాబట్టి, అలంకారం పీపాలకు కట్లను మేకులతోనో స్క్రూలతోనో బిగిస్తారు. ఆ స్క్రూ కనపడిందంటే పీపా రిటైరై చాన్నాళ్లయిందని అనుకోవచ్చు. దాని మీద ప్లాస్టిక్ ద్రాక్ష గుత్తి కూడా పెట్టి ఉంటే, సగం ధరకే బేరం మొదలెట్టవచ్చు.

ఇంకొకటి ‘మా ఎస్టేట్ వైనండీ’ అనే మాట. అప్పుడు సీసా తిప్పి వెనక చీటీ చదవాలి. ‘ఎస్టేట్ బాటిల్డ్’ అని అచ్చు వేయాలంటే, చీటీ మీద ఏ ద్రాక్ష ప్రాంతం పేరుందో ఆ ప్రాంతంలోనే వైనరీ ఉండాలి, పళ్లన్నీ అక్కడ తన అధీనంలోని నేలలో పండాలి, పిండడం నుంచి సీసాలో పట్టడం దాకా ఒక్కచోటే జరగాలి. ఇది అమెరికా ఫెడరల్ నిబంధన. ఉడిన్‌విల్ ఉన్నది పుగెట్ సౌండ్ ప్రాంతంలో. కొండల అవతలి రెడ్ మౌంటెన్ ద్రాక్షతో ఉడిన్‌విల్ గోదాములో చేసిన వైన్‌కు ఆ మాట చట్టప్రకారం రాదు. నోటితో అనడానికి అడ్డేముంది, అనేస్తారు. ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంటే కనీసం 75 శాతం పులియబెట్టింది వాళ్లే. ‘సెల్లార్డ్ అండ్ బాటిల్డ్ బై’ అనే ఉంటే ఎవరో చేసిన వైన్‌ను తెచ్చి సీసాల్లో పట్టి ఉండవచ్చు. పాపమేమీ కాదు. అడిగితే చెప్పండి, చాలు.

ఇక తీర్థం సంగతి. గుళ్లో ఉద్ధరిణెతో పోసినట్టు తమరు ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు, గ్లాసు అడుగున పోస్తారు. 750 మిల్లీలీటర్ల సీసాకు పాతిక తీర్థాలు. ఐదు రకాల వరసకు పాతిక డాలర్లనుకుంటే, ఐదుగురొస్తే ఒక సీసా పరిమాణం ఖర్చు, 125 డాలర్ల రాబడి. సీసా కొంటే రుసుము మాఫీ అంటారు గానీ, ఒక సీసాకా రెండింటికా అన్నది బోర్డు మీద ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో తమకు తెలుసు. భార్యాభర్తలు ఒక వరస పంచుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడగనివాళ్లదే తప్పు.

చుక్కే కదా అనుకోవడం ఇంకో పొరపాటు. ఐదు చుక్కలు కలిపితే 150 మిల్లీలీటర్లు, నిండు గ్లాసు. కొండల అవతలి ఎర్ర వైన్‌లలో 14.5 శాతం ఆల్కహాలు మామూలే, కాబట్టి అది ఒక ‘డ్రింకు’ లెక్కను దాటి ఒకటింపావు అవుతుంది. పోసే అమ్మాయి ఉదారంగా రెండేసి ఔన్సులు పోస్తే రెట్టింపు. నడిచి వెళ్లేంత దూరంలో అరడజను గదులుండటమే తమరి గొప్ప, మా ముప్పూను. మూడో గది దాటాక పక్క ఊరు రెడ్‌మండ్‌కు ఏడెనిమిది మైళ్లే కదా అనిపిస్తుంది. వాషింగ్టన్‌లో రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం దగ్గర చట్టం పట్టుకుంటుంది, దానికి మైళ్ల లెక్క అక్కర్లేదు.

విరుగుడు తమరి బల్ల మీదే ఉంది. ఆ బకెట్టు. దాన్ని చూసి మావాళ్లు సిగ్గుపడతారు. తాంబూలం వేసుకున్న తాతల పక్కన ఇత్తడి తమ్మపడిగ పెట్టిన జాతి, ఇక్కడికొచ్చి డబ్బిచ్చాం కదా అని మింగేస్తుంది. ఐదు సెకన్లు నోట్లో తిప్పి, వంగి, సన్నటి ధారగా ఉమ్మేయాలి. తల పైకెత్తి ఉమ్మితే చొక్కా పోతుంది. దయచేసి ఒకటే బకెట్టు నలుగురి మధ్య పెట్టకండి, మనిషికో కాగితం కప్పు ఇవ్వండి.

అసలు ఫిర్యాదు మాత్రం వేడి గురించి. ఆగస్టు మధ్యాహ్నం, రేకుల కప్పు, పడమటి షట్టరు సగం ఎత్తి ఉంటుంది. బల్ల మీద కాబర్నే సీసా పొద్దుటి నుంచి నిలబడే ఉంది. ఎర్ర వైన్‌కు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ చాలు. పాతిక దాటితే పండు వాసన వెనక్కుపోయి స్పిరిట్ ఘాటు ముక్కుకెక్కుతుంది. అప్పుడు తమరు ‘బోల్డ్‌గా ఉంది కదండీ’ అంటారు. బోల్డూ కాదు బొగ్గూ కాదు, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్ల వైన్ రీస్లింగ్‌ది వ్యతిరేక రోగం. గడ్డకట్టే చలి నుంచి తీసి పోస్తే ఏ వాసనా రాదు, గ్లాసును రెండు అరచేతుల్లో పొదువుకుని కూర్చోవాలి.

వారాంతాల్లోనే తెరిచే గదిలో శుక్రవారం వెళితే పోయిన ఆదివారపు సీసా ఎదురవుతుంది. గాలి తగిలి వడలిన వైన్‌కు దెబ్బ తగిలిన ఆపిల్ వాసన వస్తుంది. ఆర్గాన్ వాయువు పట్టి మూస్తే కొన్నాళ్లు ఆగుతుంది, ఊరికే బిరడా కొట్టి పెడితే ఆగదు. ‘ఎప్పుడు తెరిచారండీ?’ అనే రెండు మాటల ప్రశ్నకు తమరి ముఖం ఎలా మారుతుందో చూడటం కూడా రుచే. తడిసిన అట్టపెట్టె వాసనైతే అది వేరే జబ్బు, బిరడాది. దానికి సీసా మార్చాల్సిందే, వాదన లేదు.

న్యాయంగా మా వంతూ చెప్పాలి. తలలో మల్లెచెండు, ఒంటిమీద అత్తరుతో వచ్చి, వైన్‌లో మల్లెల వాసన వస్తోందని మురిసిపోయేవాళ్లు మాలో ఉన్నారు. ఆవకాయ అన్నం తిని వస్తే ఆల్కహాలు మంటను ఇంకా రేపుతుంది, ఎర్ర వైన్ వగరు ఒక్కటే మిగులుతుంది. పెరుగన్నం తిని రావడం మేలు. కడుపులో అన్నముంటే మత్తు నెమ్మదిగా ఎక్కుతుంది కూడా. కాకపోతే ఖాళీ గ్లాసును ముందు వాసన చూడటం మాత్రం మా హక్కు. సబ్బు వాసన వస్తే నీళ్లతో కాదు, ఓ చుక్క వైన్‌తో తొలిపి ఇవ్వండి.

తీర్థం అయ్యాక శఠగోపం. అదేనండీ, వైన్ క్లబ్బు, ఏడాదికి ఇన్ని పెట్టెలు కొంటామని ముందే ఒప్పుకునే సభ్యత్వం. ఐదో చుక్క పడి మనిషి మెత్తబడ్డాక, టిప్పు అడిగే తెరతో పాటే ఆ కాగితం వస్తుంది. ఏడాదికి ఎన్ని పెట్టెలు, పెట్టెకు ఎన్ని సీసాలు, రకాలు మేమెంచుకోవచ్చా, కనీసం ఎన్ని పెట్టెలు తీసుకున్నాక మానుకోనిస్తారు, ఈ నాలుగూ సంతకానికి ముందే చెప్పండి. లేదా కాగితం మొదటి చుక్కకే ఇవ్వండి. మెదడు పనిచేస్తున్నప్పుడు చదువుకుంటాం.

ఇట్లు,
బకెట్టు పక్కన నిలబడేవాళ్లు

తా.క.: ఇండియా నుంచి వచ్చిన పెద్దాయనకు డెబ్భై ఏళ్లని జుట్టు చెబుతున్నా, 21 నిండాయో లేదో చూడాలంటూ ఆయన ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చేశారు. పాస్‌పోర్ట్ తేవాలని తలుపు మీద రాయించండి. ఆ ప్లాస్టిక్ ద్రాక్ష గుత్తి తీసేస్తే చోటు దొరుకుతుంది.