వర్గీకరణ అయింది, ఇక ఏటా లెక్క చెప్పాలి

ఎస్సీ రిజర్వేషన్లను కులాల గ్రూపులవారీగా పంచే వర్గీకరణ చట్టం తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి రావడంతో, 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమ డిమాండుకు చట్టరూపం దక్కింది. 2004లో చిన్నయ్య కేసులో వర్గీకరణను కొట్టివేసిన సుప్రీంకోర్టే 2024 ఆగస్టు 1న 6–1 మెజారిటీతో దాన్ని సమర్థించింది. అయితే ప్రాతినిధ్యం చాలినంత లేదని ప్రభుత్వం గణాంకాలతో చూపాలనీ, సంఖ్య ఒక్కటే చాలదనీ, ఆ ప్రాతినిధ్యం ప్రభావవంతంగా ఉందా అన్నది చూడాలనీ అదే తీర్పు చెప్పింది. ఈ భాగంపై జరగాల్సినంత చర్చ జరగలేదు.

59 కులాలను తెలంగాణ మూడు గ్రూపులు చేసింది. ఎస్సీ జనాభాలో సుమారు 3.3 శాతం ఉన్న 15 కులాల మొదటి గ్రూపుకు 1 శాతం, 62.7 శాతం ఉన్న రెండో గ్రూపుకు 9 శాతం, 34 శాతం ఉన్న మూడో గ్రూపుకు 5 శాతం కేటాయించింది. మొత్తం 15 శాతంలో 1 శాతమంటే దాదాపు 6.7 శాతం వాటా కాబట్టి, కాగితం మీద మొదటి గ్రూపుకు జనాభాకు రెట్టింపు దక్కినట్టే. కానీ ఏ పోస్టు ఏ వర్గానికో వరుసగా నిర్ణయించే వంద పాయింట్ల రోస్టర్‌లో 1 శాతమంటే ఒకే ఒక్క పాయింటు. ఏడాదికి పది పోస్టులు భర్తీ చేసే శాఖలో రోస్టర్ ఒక చుట్టు తిరగడానికే పదేళ్లు పడుతుంది. ఆ పాయింటు వచ్చిననాడు అర్హుడైన అభ్యర్థి లేకపోతే పోస్టు తర్వాతి గ్రూపుకు వెళ్తుంది. ఆ 15 కులాల్లో డిగ్రీ దాకా చదివినవారే కొద్దిమంది కనుక, అలా చేతులు మారిన పోస్టులెన్నో విడిగా నమోదు చేయకపోతే అసలు లోటు ఎప్పటికీ బయటపడదు.

మొత్తం ఉద్యోగుల్లో ఎస్సీలు ఇంత శాతమని చెప్పే అంకె కూడా తప్పుదోవ పట్టిస్తుంది. పారిశుద్ధ్య పనుల్లో దళితులే అధికంగా ఉండటం తరతరాల వివక్ష ఫలితమే తప్ప ప్రాతినిధ్యం కాదు. దాన్ని గెజిటెడ్ పోస్టులతో కలిపి సగటు తీయడం అన్యాయం. ఉద్యోగాల్లో వాటాను జనాభాలో వాటాతో భాగిస్తే ఒకటి రావాలి. ఈ లెక్కను కులాలవారీగా, కేడర్‌వారీగా, నేరుగా నియమితులైనవారికీ పదోన్నతి పొందినవారికీ వేర్వేరుగా కట్టాలి. కేంద్రంలో ఓబీసీల వర్గీకరణ కోసం వేసిన రోహిణి కమిషన్ 1.3 లక్షల ఉద్యోగాలు, సీట్ల వివరాలను ఇలా విడదీసి చూసినందువల్లే, 983 ఓబీసీ కులాలకు ఒక్కటీ దక్కలేదన్న నిజం 2018లో బయటికొచ్చింది.

ఇటువంటి పట్టికను తెలుగు రాష్ట్రాలు రెండూ ఏటా శాసనసభ ముందుంచాలి. మొదటి గ్రూపు కులాలకు రెసిడెన్షియల్ స్కూలు సీట్లు, పోటీ పరీక్షల శిక్షణ ఎక్కడ అవసరమో ఆ పట్టికను బట్టే నిర్ణయించి, బడ్జెట్‌లో విడిగా నిధులు కేటాయించాలి.