సవరణ: పాత సీ బ్యాండ్ డిష్‌కు కేయూ ఎల్‌ఎన్‌బీ
పాత ఎనిమిది అడుగుల సీ బ్యాండ్ డిష్‌కే కేయూ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే పరికరం) కలిపి దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్ చూడొచ్చని మొన్న రాశాను. సీ, కేయూ అనేవి శాటిలైట్ ప్రసారాల రెండు తరంగ శ్రేణులు. అది రేకు డిష్‌ల సంగతి. తమ డిష్‌కూ ఇది పనిచేస్తుందా అని జాలీ డిష్ ఉన్నవాళ్లు దేవరకొండ నుంచి అడిగారు కాబట్టి ఈ వివరణ.

సీ బ్యాండ్ తరంగం పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, కేయూది 2.5. అందులో పదో వంతు, అంటే 2.5 మిల్లీమీటర్ల కంటే జాలీ కన్ను పెద్దదైతే కేయూ సిగ్నల్ జారిపోతుంది. జల్లెడలో రవ్వ నిలుస్తుంది, పిండి నిలవదు కదా! అలాంటి డిష్ మీద డబ్బు పెట్టకండి, చిన్న రేకు డిష్ కొనుక్కోవడమే నయం.

83 డిగ్రీల తూర్పున ఉన్న శాటిలైట్‌కు తిప్పిన డిష్‌లో డీడీ ఫ్రీ డిష్ వచ్చే 93.5 డిగ్రీల శాటిలైట్ కూడా కావాలంటే కొత్త ఎల్‌ఎన్‌బీని పడమర పక్కన బిగించాలి, తూర్పున కాదు. చాలామంది తికమక పడేది ఇక్కడే. సెట్‌టాప్ బాక్సు సెట్టింగుల్లో ఎల్‌ఓ ఫ్రీక్వెన్సీ (ఎల్‌ఎన్‌బీ సొంత ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లలో) సీ బ్యాండ్‌కు 5150, కేయూకు 9750, 10600. రెండు ఎల్‌ఎన్‌బీలకూ ఒకే కేబుల్ అయితే డైసెక్ స్విచ్ (ఏ ఎల్‌ఎన్‌బీ కావాలో దానికి మార్చేది) తప్పదు.