మహారాజశ్రీ డోరేమాన్ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

సోఫా మీద తల వరకు తయారై, మొండెం కోసం ఎదురుచూస్తున్న తమరికి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. ఉభయ అన్నది అలవాటు కొద్దీ రాశాను. తమరు నిక్షేపంగానే ఉన్నారు. కుశలం లేనిది నా కుడిచేతి బొటనవేలికి.

ముందు తమరి ఘనత ఒప్పుకోవాలి, లేకపోతే మా మేనకోడలు ఊరుకోదు. తమరు జపాన్ కార్టూన్ల రోబో పిల్లి. 1969 డిసెంబరులో అక్కడి పిల్లల పత్రికల్లో తొలిసారి కనబడ్డారు. కథ ప్రకారం తమరు తయారయ్యేది 2112 సెప్టెంబరు 3న. అంటే ఇంకా పుట్టనే లేదు. పుట్టకముందే, 2008లో, జపాన్ విదేశాంగ శాఖ తమరిని యానిమే (జపాన్ కార్టూన్లు) రాయబారిగా నియమించింది. మా వీధిలో బీటెక్ చేసి నోటిఫికేషన్ల కోసం కాచుకు కూర్చున్న కుర్రాళ్ళకు ఈ సంగతి నేనైతే చెప్పను. ఇక హిందీ. స్కూల్లో మేడం ఎంత మొత్తుకున్నా రాని భాష, తమరు సాయంత్రం పూట టీవీలో కనబడితే చాలు, పిల్లలకు వచ్చేసింది. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వమైతే, మా పిల్లలు హిందీలో మాట్లాడేస్తున్నారు బాబోయ్ అని తమరి హిందీ ప్రసారాన్నే ఆపించింది. మా అన్నయ్యకు ఇంట్లో రిమోట్ లాక్కునే ధైర్యం కూడా లేదు.

అలాంటి తమరిని ఊలుతో, కొక్కెం సూదితో చేసే క్రోషియా అల్లికలో అల్లిపెట్టమని మా మేనకోడలి హుకుం. షాపులో కొనిపెడతానే అంటే మూతి ముడిచింది. "కొన్న బొమ్మ అందరి దగ్గరా ఉంటుందత్తా. నువ్వు అల్లింది నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది." ఈ మాటకు ఎదురు చెప్పగల అత్త కూడా తమరిలాగే ఇంకా పుట్టలేదు.

తమరిని అల్లడానికి దొరికే ప్రతి ప్యాటర్న్ (ఎలా అల్లాలో చెప్పే కాగితం) మీదా ఒకటే మాట: చాలా సులువు, కొత్తవాళ్ళు కూడా ఒక్క వీకెండ్‌లో అల్లేయొచ్చు. రాసినవాళ్ళను అనడానికీ లేదు, తమరి శరీరమే అలాంటిది. ఎత్తు 129.3 సెంటీమీటర్లు. బరువు 129.3 కిలోలు. ఛాతీ చుట్టుకొలత 129.3. ఎలుకను చూసి పారిపోయే వేగం కూడా గంటకు 129.3 కిలోమీటర్లేనట. కొలతలన్నీ ఒక్క నంబరుతో కానిచ్చేసిన మనిషిని, సారీ, పిల్లిని నేనింతవరకు చూడలేదు. చేతులకు వేళ్ళు లేవు, పిడికిళ్ళే. చెవుల్ని రోబో ఎలుక కొరికేసింది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు మాలో. తమరి ఇంట్లో అది తిరగబడింది. ఆ ఎలుకకు నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను. రెండు చెవులు విడిగా అల్లి, ఒకటి పైకి ఒకటి కిందికి పోకుండా తలకు కుట్టే బాధ తప్పించింది. ఎలాగూ కొరుకుతున్నది కదా, ఆ తలను కూడా కాస్త కొరికి పెడితే దాని సొమ్మేం పోయింది?

ఎందుకంటే అసలు పేచీ అంతా ఆ తలతోనే.

దారాన్ని వేలికి చుట్టి మ్యాజిక్ రింగ్ వేస్తాం. అందులో 6 సింగిల్ క్రోషేలు, అంటే మామూలు కుట్లు. తర్వాతి వరసలో 12, ఆపైన 18, ఆపైన 24. ఆరో ఎక్కం వస్తే చాలు, తల లేస్తుంది. ఇలా 10 వరసలు వేసేసరికి చుట్టూ 60 కుట్లు ఉంటాయి. అప్పటిదాకా వేసినవి కూడితే 330. అక్కడ పెంచడం ఆపేసి 60 చొప్పున ఇంకో 10 వరసలు వేస్తే గోడ లేస్తుంది: 600. ఆ తర్వాత వరసకు 6 చొప్పున తగ్గించుకుంటూ మూసేస్తే 270. వెరసి 1200 కుట్లు. ఒక్కో కుట్టుకు దారాన్ని రెండుసార్లు లాగాలి కాబట్టి 2400 లాగుళ్ళు. ఇది ఒక్క తల. మొండెం, చేతులు, కాళ్ళు, జేబు, తోక ఇంకా మొదలే కాలేదు. పైగా ఈ వరసలకు మధ్యలో అతుకు ఉండదు, జంతిక చుట్టలాగా తిరుగుతూనే పోతాయి. ఏ వరస ఎక్కడ మొదలైందో తెలియడానికి స్టిచ్ మార్కర్ పెట్టుకోమంటారు. మా ఇంట్లో దాని పేరు పిన్నీసు. అది పెట్టుకుని నలభై ఒకటి, నలభై రెండు అని లెక్కపెడుతుంటే సరిగ్గా అప్పుడే గ్యాస్ బండ అబ్బాయి బెల్లు కొడతాడు. తమరి కార్టూన్లో కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రం ఉంది. నాకు నలభై రెండో కుట్టు దాకా వెళ్తే చాలు.

అందులోనూ తమరిది ఒక్క రంగు కాదు. తల నీలం, మొహం తెలుపు. రంగు మార్చడమంటే నీలం కుట్టు పూర్తిచేసి తెల్లదారం అందుకోవడం అనుకుంటారు చూసేవాళ్ళు. అలా చేస్తే తెల్లటి బుగ్గ మీద నీలం చుక్క పడుతుంది. నీలం కుట్టు సగంలో ఉండగానే, సూది మీద ఇంకా రెండు ఉచ్చులు ఉండగానే, ఆఖరి లాగుడు తెల్లదారంతో లాగాలి. ఇంత చేసినా గుండ్రంగా తిరిగే అల్లికలో కుట్లు తిన్నగా నిలబడవు, ఒక్కో వరసకు రవ్వంత పక్కకు జరుగుతాయి. అందుకని నీలానికీ తెలుపుకీ మధ్య గీత ఏటవాలుగా పోతుంది. తెలిసినవాళ్ళు మొహాన్ని తెల్లబిళ్ళగా విడిగా అల్లి తలకు అతికించి కుడతారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కాకపోతే అంచు చుట్టూ కుట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఆ తోక కూడా ఇంకా అల్లలేదు.

కళ్ళ సంగతి ఎక్కువ చెప్పను. నల్లగుడ్లు ఒక్క కుట్టు అటూ ఇటూ అయితే తమరి మొహంలో ఆ చిరునవ్వు పోయి, ఈఎంఐ తారీకు గుర్తొచ్చిన మనిషి కనబడతాడు. ప్లాస్టిక్ కళ్ళు పెడితే వెనక వాషరు ఒకసారి నొక్కాక మళ్ళీ రాదు. చంటిపిల్లలున్న ఇంట్లో అవి అసలే వద్దు, దారంతో కుట్టుకోవడమే మేలు. మీసాలు అటు మూడు, ఇటు మూడు. మెడకు ఎర్రపట్టీ, దానికి పసుపుపచ్చ గంట. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని లోకం ఇన్నాళ్ళుగా అడుగుతూనే ఉంది కదా. నేనేనట.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. తమరి పొట్ట మీది జేబులో లేని వస్తువు లేదంటారు. ఎగిరే రెక్క ఉంది, ఎక్కడికైనా తెరుచుకునే తలుపు ఉంది. క్రోషియా అల్లే మిషను ఉందా? మా కాలంలోనైతే లేదు. 1589లోనే ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం చేశాడు, ఆ తర్వాత మెల్లగా రెండు సూదుల అల్లిక ఫ్యాక్టరీల పాలైంది. ఈ కొక్కెం సూది పని మాత్రం ప్రయోగశాలల్లో నమూనాలు దాటి బజారులోకి ఇంకా రాలేదు. ఎగ్జిబిషన్ స్టాల్లో నూట యాభైకి వేలాడే క్రోషియా కీచైనైనా సరే, ఎక్కడో ఎవరో కూర్చుని, లెక్కపెట్టుకుంటూ, చేత్తో అల్లిందే. దాన్ని పట్టుకుని "వందకిస్తావా?" అని బేరమాడతాం.

చుట్టపక్కాలకు ఇవేవీ అక్కర్లేదు. మా వదిన తమరి తలను అటూ ఇటూ తిప్పి చూసి, "భలే ఉందే, మిషను మీద చేశావా?" అంది. ఇంకో పెద్దావిడ, "నీకేమ్మా, ఖాళీ. మంచి టైంపాస్" అంది. మా బాబాయిగారు టీవీలో క్రికెట్ చూస్తూ కూర్చున్నారు. ఆయన్ని మాత్రం డిస్టర్బ్ చేయొద్దన్నారు.

ఖాళీ అంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మది మొగల్తూరు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లాగే అక్కడా ఆడవాళ్ళ ఒళ్ళో లేసు ఉండేది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళందరి యోగక్షేమాలూ కనుక్కుంటూ ఉండేది, చూపు ఒక్కసారి కూడా ఒళ్ళోకి దిగేది కాదు, వేళ్ళు మాత్రం ఆగేవి కావు. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లింది ఏజెంటే పట్టుకుపోతాడు. అది ఎక్కడికో దేశాలు దాటిపోయి ఎవరి భోజనాల బల్ల మీదో పరుచుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన పని ఇది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ వ్యవహారమంతా పరిశోధించారు. ఎగుమతి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళను పనివాళ్ళ లెక్కలో వేయకుండా, ఇంట్లో తీరిగ్గా కూర్చున్న గృహిణుల లెక్కలో వేశారు కాబట్టే వాళ్ళకు అంత తక్కువ కూలి అని తేల్చారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరుకు చట్టం రక్షణ దొరికింది, చాలా సంతోషం. అమ్మమ్మ వేళ్ళకు దొరికింది కీళ్ళనొప్పుల తైలం.

ఆవిడది లేసు, నాది బొమ్మ. ఆవిడ పొట్టకూటికి అల్లింది, నేను మేనకోడలి ముచ్చటకు అల్లుతున్నాను. రెండూ ఒకటేనని అనను, అంటే ఆవిడే ముందు నవ్వుతుంది. కానీ పని చూసి జనం అనే మాట మాత్రం అరుగు నుంచి అపార్ట్‌మెంట్ దాకా చెక్కుచెదరకుండా వచ్చింది: ఊరికే కూర్చున్నావుగా!

సరే, ఊరికే ఎందుకు, అల్లి అమ్ముకుందామా అంటే అక్కడా తమరే అడ్డం. తమరి బొమ్మకు హక్కుదార్లున్నారు. అనుమతి లేకుండా అమ్మితే కాపీరైటు గొడవ, ఊరికే ఇస్తే ప్రేమ. ఇంతటి గడుసు ఏర్పాటు ఇరవై రెండో శతాబ్దంలో చేశారో, ఇరవయ్యోదాంట్లోనే చేశారో గానీ, చేసినవాళ్ళ బుర్రలో మాత్రం తమరి తలలో ఉన్నట్టు దిండ్లలో కూరే ఫైబర్ లేదు.

అందుచేత తమరితో నా విన్నపం ఒక్కటే. రేపట్నుంచి మొండెం మొదలుపెడతాను. తమరి తల ఎలాగూ పెద్దది. మెడ దగ్గర గట్టిగా కూరకపోతే ముందుకు వాలిపోతుందని, కూరితే కుట్ల సందుల్లోంచి తెల్లగా బయటికి కనబడుతుందని రెండు రకాల సలహాలూ వచ్చాయి. దయచేసి రెంటికీ మధ్యలో ఎక్కడో ఒకచోట నిలబడండి. మేనకోడలు తమరిని చూడగానే తోకే లాగుతుంది, నాకు తెలుసు. తోక లాగితే తమరు స్విచ్ ఆపినట్టు ఆగిపోతారని కార్టూన్లో చూసింది. అందుకని తోకను డబుల్ దారంతో కుడుతున్నాను. ఊడివచ్చారో, తర్వాత జరిగేదానికి నా బాధ్యత లేదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఖాళీగా ఉన్న అత్త

తా.క.: ఉత్తరం మడుస్తుండగా పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చారు. తమరి తల చూసి తెగ ముచ్చటపడ్డారు. వాళ్ళ మనవడికి షించాన్ అనే కార్టూన్ పిల్లాడి బొమ్మ కావాలట, వచ్చే ఆదివారం పుట్టినరోజుకట. "ఊరికే వద్దమ్మా, డబ్బులిస్తాను" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పర్సు తీసి, "ఊలు ఎంతవుతుంది?" అన్నారు.