అరబ్ క్వీర్ కథలు ఎవరి కోసం?

బాగ్దాద్‌లో టైగ్రిస్ నది ఒడ్డున అబూ నువాస్ పేరుతో ఒక వీధి ఉంది. ఎనిమిదో శతాబ్దంలో పుట్టిన కవి ఆయన. మద్యం గురించి ఎంత బాహాటంగా రాశాడో, మగవాళ్ల మీద తన మోహం గురించీ అంతే బాహాటంగా రాశాడు. వీధికి ఆయన పేరు పెట్టుకున్న ఇరాక్, స్వలింగ సంబంధాలకు 10 నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష వేసే చట్టాన్ని 2024 ఏప్రిల్‌లో తెచ్చింది. ఈజిప్ట్ అంతకు చాలా ముందే ఆ కవి మీద పడింది. 2001 జనవరిలో సాంస్కృతిక శాఖే ఆయన పుస్తకాలు దాదాపు 6,000 ప్రతులు తగలబెట్టించింది. అదే ఏడాది మే నెలలో కైరో పోలీసులు నైలు నదిలో, స్వలింగ ప్రేమికులు కలుస్తారని పేరున్న క్వీన్ బోట్ అనే పడవ క్లబ్బు మీద దాడి చేశారు. ఆ కేసులో 52 మంది మగవాళ్లను కోర్టుకు లాగారు.

స్వలింగ ప్రేమ పశ్చిమ దేశాల నుంచి దిగుమతి అయిన రోగం అనేవాళ్లకు అబూ నువాస్‌ను చూపిస్తే సరిపోతుందా? సరిపోదు, శిక్షించే చట్టాలు ఎక్కడివో కూడా చూడాలి. ట్యునీసియాలో స్వలింగ సంబంధాలను నేరం చేసే 230వ సెక్షన్ 1913లో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో వచ్చింది, మనకు 377ను బ్రిటిష్‌వాళ్లు అంటగట్టినట్టే. కానీ ఈజిప్ట్‌లో ఇలాంటి కేసులకు వాడుతున్న 1961 నాటి వ్యభిచార నిరోధక చట్టం స్వతంత్ర ఈజిప్ట్ తనంతట తాను రాసుకున్నది. దాన్నీ తెల్లవాళ్ల ఖాతాలో వేయలేం.

అరబ్బు దేశాలంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది గల్ఫ్, వీసా, ఏజెంటు. ఈ కథ మాత్రం ఎక్కువగా బేరూత్, కైరో, అమ్మాన్, మొరాకో ఊళ్లలో నడిచింది. అక్కడి క్వీర్ కళాకారుల మీద, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషుల వంటివారి మీద, రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉంది. సొంత ప్రభుత్వం నువ్వు మావాడివి కావంటుంది. పశ్చిమ దేశాల పాఠకుడేమో నీ గాయాలు చూపించమంటాడు, జాలిపడటానికి సిద్ధంగా కూర్చుంటాడు. పాలస్తీనా మూలాలున్న పండితుడు జోసెఫ్ మసాద్ ఈ రెండో ఒత్తిడి మీద 2007లో గట్టి పుస్తకమే రాశాడు. పశ్చిమ దేశాల హక్కుల సంస్థలు తమ గే గుర్తింపునే అందరికీ తొడుగుతున్నాయని ఆయన వాదన. నా లెక్కలో అది సగమే నిజం. ఆ సంస్థలు మూతపడినంత మాత్రాన మొరాకోలోని సలే పట్టణంలో ఒక పేద కుర్రాడి బతుకు తేలికపడదు.

ఆ కుర్రాడే రచయిత అబ్దెల్లా తాయియా. 1973లో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లలున్న పేద ఇల్లు, తండ్రి గ్రంథాలయంలో చిరుద్యోగి. 2006లో ఒక మొరాకో పత్రికలో తాను గే అని బయటపెట్టాడు, 2009లో తల్లికి బహిరంగ లేఖ రాశాడు. ఆయన రాసేది ఫ్రెంచిలో. మొరాకోలో అది డబ్బున్నవాళ్ల భాష. అందుకే ఆయన దగ్గర నాకు నచ్చేది ధైర్యం ఒక్కటే కాదు, డబ్బు సంగతి దాచకపోవడం. ‘సాల్వేషన్ ఆర్మీ’ నవలలో స్విస్ ప్రొఫెసర్‌తో ప్రేమ నడుస్తున్నంతసేపూ ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరి దగ్గర పాస్‌పోర్టుంది అన్నది పాఠకుడు మరచిపోలేడు. తీరా జెనీవా చేరాక ఆ కుర్రాడు తలదాచుకునేది నిలువ నీడ లేనివాళ్లకు చోటిచ్చే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వసతిలో. యూరప్ చేరితే కష్టాలు తీరాయనుకునే పాఠకుడికి అక్కడ ఊరట దొరకదు.

సలీం హద్దాద్ ఇంగ్లిష్ నవల ‘గువాపా’ (2016) ఈ చిక్కును కథలోకే తెచ్చుకుంది. పేరు చెప్పని ఒక అరబ్ నగరం. కథానాయకుడు రసా విదేశీ విలేఖరులకు దుబాసీ. అంటే తన దేశం బాధను వాళ్లకు అర్థమయ్యేలా మార్చి చెప్పడమే అతని ఉద్యోగం. ఇంట్లో నానమ్మ అతన్ని ప్రియుడితో చూసేసింది. ఆ సాయంత్రమే ప్రియుడి పెళ్లి, ఒక అమ్మాయితో. బయట విప్లవం చల్లబడుతోంది. మన ఇళ్లలో ఇలాంటి నానమ్మలు లేరా!

కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నవలలు కావు, లెబనాన్ పట్టణం సైదాలోని ఒక ఫొటో స్టూడియో. హాషెం ఎల్ మదనీ 1953లో తెరిచిన షెహరజాద్ స్టూడియో అది. బేరూత్ కళాకారుడు అక్రం జాతరీ ఏళ్ల తరబడి ఆ నెగెటివ్‌లు వెతికి, ఎంచి, గ్యాలరీలకు తెచ్చాడు. వాటిలో ఇద్దరు మగవాళ్లు ముద్దుపెట్టుకుంటున్న ఫొటోలున్నాయి, ఇద్దరు ఆడవాళ్లవీ ఉన్నాయి. వెంటనే వాటిని స్వలింగ ప్రేమకు సాక్ష్యాలుగా చదవాలనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఆడ మగ కలిసి కెమెరా ముందు ముద్దుపెట్టుకుంటే ఊరు ఒప్పుకోదు. సినిమాల్లో చూసిన ముద్దును స్నేహితులు తమలో తామే నటించారు. అందరూ నటించారా, కొందరు నిజంగానే ప్రేమించుకున్నారా అన్నది ఫొటో చెప్పదు. జాతరీ కూడా తేల్చడు. నాకు అక్కడే అతని గొప్పతనం కనిపిస్తుంది. పనికొచ్చే రుజువు చేతికి దొరికినా వాళ్ల మీద ముద్ర వేయలేదు.

లెబనాన్ రచయిత్రి హుదా బరకత్ 1990లోనే అరబిక్‌లో ‘నవ్వుల రాయి’ రాసింది. లెబనాన్ అంతర్యుద్ధం నడుమ మగతనపు పోటీకి దూరంగా, మగవాళ్లను ప్రేమిస్తూ బతికిన ఖలీల్, చివరికి తుపాకీ మనుషుల్లో ఒకడైపోతాడు. అతన్ని అమాయక బాధితుడిగా మిగల్చకపోవడం రచయిత్రి నిజాయితీ.

పాట దగ్గరికొస్తే వెల చాలా ఎక్కువైంది. బేరూత్ బ్యాండ్ మష్రూ లైలా గాయకుడు హమెద్ సిన్నో తాను గే అని దాచుకోలేదు. 2017 సెప్టెంబరులో ఆ బ్యాండ్ కైరో కచేరీలో, క్వీర్ మనుషుల గుర్తైన ఇంద్రధనుస్సు జెండా ఎత్తినందుకు ఈజిప్ట్ యువతి సారా హెగాజీ జైలుపాలైంది. తర్వాత కెనడా వెళ్లి, 2020 జూన్‌లో ఆత్మహత్య చేసుకుంది. 2019లో లెబనాన్‌లోని బిబ్లోస్ ఉత్సవంలో ఆ బ్యాండ్ కచేరీని సొంత దేశంలోనే రద్దు చేశారు. 2022లో బ్యాండే విడిపోయింది. ఆ పాటలు అరబిక్‌లో, అదీ బేరూత్ వీధుల్లో మాట్లాడే అరబిక్‌లో ఉన్నాయి. జెండా ఎత్తింది పారిస్‌లో కాదు, కైరోలో.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 2007లో మొదలైన క్వీర్ ఆన్‌లైన్ పత్రిక ‘మై కాలీ’దీ ఇదే అనుభవం. ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌లో వచ్చింది. 2016లో అరబిక్ కూడా చేర్చింది. 2017 నాటికి జోర్డాన్‌లో ఆ సైట్‌ను బ్లాక్ చేశారు. లండన్ పాఠకుడు ఏం చదివినా ప్రభుత్వానికి పెద్దగా పట్టదు. పక్కింటి అబ్బాయి చదువుతాడన్నప్పుడే దానికి టెన్షన్.